మర్ద్ పాలు తాగిన బిడ్డ: మా ఖాందాన్ కిస్సా, కొంత తారీఖ్



ప్రతి ఖాందాన్‌లో ఒక కిస్సా ఉంటుంది. చిన్నప్పుడు దాన్ని నమ్ముతాం, జవానీలో నవ్వుకుంటాం, నలభై దాటాక మళ్లీ దాని దగ్గరికే వస్తాం. మా ఖాందాన్ కిస్సా ఇది. నవాబుపేటలో ఉండిన మా పర్దాదా, అంటే మా దాదాజాన్ వాళ్ల అబ్బా, తల్లి చనిపోయిన పసికొడుక్కి తన ఛాతీ పాలు తాగించి బతికించాడు.

ఆ పసికొడుకు మా దాదాజాన్‌కు సవతి అన్న. మేం ఆయన్ని బడే దాదా అనేవాళ్లం. ఎనభై దాటినా నడుం వంగలేదు. పిల్లలు ఆయన బలం చూసి ఆశ్చర్యపోతే పెద్దవాళ్లు "మర్ద్ కా దూధ్ పియే సో హై" అని నవ్వేవారు. మగవాడి పాలు తాగినవాడు, అందుకే అంత గట్టి అని. నేను ఉర్దూ మీడియం బడిలో చదివే రోజుల్లో ఈ మాట తరగతిలో చెప్పి ఉస్తాద్ చేత చీవాట్లు తిన్నాను. తర్వాత డిగ్రీలో తెలుగు సాహిత్యం తీసుకున్నాక మహాభారతంలో మాంధాత కథ చదివి, మా పర్దాదాకు తోడు దొరికాడని సంతోషపడ్డాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఈ కిస్సాను మళ్లీ తవ్వాల్సిన పని మూడేళ్ల కింద పడింది.

దవాఖానా వరండాలో మస్‌అలా

మా చెల్లెలి కూతురు, నా భాంజీ, ఎనిమిదో నెల మొదట్లోనే ప్రసవమైంది. బిడ్డ బరువు 1,300 గ్రాములు. హైదరాబాద్‌లో ఒక దవాఖానాలో బిడ్డను గాజు పెట్టెలో పెట్టారు. తల్లికి పాలు పడలేదు. డబ్బా పాలు ఇంత చిన్న ప్రాణం పేగులకు పడకపోవచ్చు, మిల్క్ బ్యాంకు నుంచి వేరే తల్లులు ఇచ్చిన పాలు తెప్పిస్తాం, సంతకం పెట్టండి అన్నారు డాక్టరమ్మ.

వరండాలో మా వాళ్లు పన్నెండు మంది. ఒక్కరి చేయి కలం మీదికి పోలేదు. ఎవరి పాలు? ఎంతమంది పాలు? రేపు ఈ బిడ్డ పెద్దదై నికాహ్ వేళకు, ఆ వచ్చే అబ్బాయి దూధ్ షరీక్ భాయి కాడని ఎవరు చెప్పగలరు? మాది హనఫీ ఖాందాన్. మన ఫిఖ్‌లో ఒక్క గుక్క లోపలికి పోయినా రిజాఅత్ సాబిత్ అవుతుంది. షాఫయీల దగ్గర అయిదుసార్లు తాగాలి. మన బార్కస్ అరబ్ ఖాందాన్‌లకు ఉన్న ఆ వెసులుబాటు కూడా మాకు లేదు.

అప్పుడు మా ఫుప్పీ, దాదాపు ఎనభై ఏళ్ల మనిషి, కుర్చీలోంచి అంది: "ఇత్తా క్యా సోచ్ రఁయ్ జీ? బాప్ కీ ఛాతీ పో డాలో బచ్చీ కో. హమారే దాదా నై పిలాయే క్యా?" తండ్రి ఛాతీ మీద వేయండి బిడ్డను, మా దాదా తాగించలేదా అని.

భాంజీ మియా, పాతికేళ్ల కుర్రాడు, సిగ్గుతో మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియక మెట్ల వైపు పోయాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ "రెండు రోజులు ఆగి చూద్దాం, తల్లికి పాలు పడొచ్చు" అన్నవాళ్లలో నేనూ ఒకణ్ని. పేపర్లో ఇరవై ఏళ్లుగా ఆరోగ్యం గురించి, చదువు గురించి రాసే మనిషిని. నా మాటకు ఆ వరండాలో వజన్ ఉంది. ఆ వజన్ ఎటు వేశానో చెప్పాలి కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో తహ్కీక్ మొదలుపెట్టాను. అసలు మగవాడికి పాలు వస్తాయా?

హకీములు, సయ్యాహ్‌లు ఏం చూశారు

సవాల్ కొత్తది కాదు. మన హకీములు అరస్తూ అని పిలుచుకునే అరిస్టాటిల్, జంతువుల గురించి రాసిన కితాబులో ఈ మాట ఎత్తాడు. కొందరు మగవాళ్లకు ఛాతీ నొక్కితే కాస్త పాలు వస్తాయని, లెమ్నోస్ దీవిలో ఒక మేకపోతు జున్ను చేసుకునేంత పాలిచ్చిందని రాశాడు. ఆ కితాబు తర్వాత అరబీలోకి వచ్చింది.

యూదుల తల్మూద్‌లో ఒక గరీబు కథ ఉంది. బీవీ చనిపోయింది. బిడ్డకు పాలిచ్చే దాయీని పెట్టుకునే స్తోమత లేదు. అతని ఛాతీలోంచే పాలు వచ్చి బిడ్డ బతికాడు. దాని మీద ఇద్దరు ఆలిములు వాదించుకుంటారు. ఎంత గొప్పవాడు, అతని కోసం ముఅజిజా జరిగింది అంటాడు ఒకడు. పాపం, సృష్టి నియమమే మారాల్సి వచ్చింది అంటాడు రెండోవాడు. దాయీకి ఇవ్వడానికి పైసా లేకపోవడం ఆ కథలో ఉందన్న సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

తెలుగువాళ్లకు మాంధాత ఉన్నాడు. మహాభారతం అరణ్యపర్వంలో యువనాశ్వుడనే రాజు సంతానం కోసం మంత్రించి పెట్టిన నీళ్లను, రాత్రి దాహంతో, తెలియక తానే తాగేస్తాడు. గర్భం ఆయనకే వస్తుంది. చివరికి పక్క చీల్చుకుని కొడుకు పుడతాడు. పుట్టాక అసలు మస్‌అలా మొదలవుతుంది. తల్లి లేదు, బిడ్డ ఏం తాగాలి? అప్పుడు ఇంద్రుడు తన చూపుడు వేలు బిడ్డ నోట్లో పెడతాడు. నన్ను తాగుతాడు అన్న అర్థంలో వచ్చిన మాటే మాంధాత పేరైందని అక్కడ చెప్తారు. చూడండి, మగవాడు బిడ్డను కనడం వరకు కథ తేలిగ్గానే నడిచింది. పాల దగ్గరికి వచ్చేసరికి దేవతల రాజు దిగిరావాల్సి వచ్చింది.

ఇవన్నీ పాత కథలు. కళ్లతో చూసి రాసిన గవాహీ కావాలంటే 1799కి రావాలి. జర్మన్ సయ్యాహ్ అలెగ్జాండర్ హంబోల్ట్ ఆ ఏడు ఇప్పటి వెనిజులాలో, కుమనా దగ్గర అరెనాస్ అనే పల్లెకు పోయాడు. అక్కడ ఫ్రాన్సిస్కో లొసానో అనే రైతు గురించి విన్నాడు. బీవీ జబ్బు పడితే, ఏడుస్తున్న కొడుకును ఊరుకోబెట్టడానికి ఛాతీకి అదుముకున్నాడట. బిడ్డ చప్పరించగా చప్పరించగా పాలు వచ్చాయి. అయిదు నెలలు రోజుకు రెండు మూడుసార్లు తాగించాడని ఊరి గవాహులు చెప్పారు. హంబోల్ట్ పోయిన రోజు ఆ రైతు ఊళ్లో లేడు. తర్వాత అతను కుమనాకు వచ్చినప్పుడు హంబోల్ట్ సాథీ బోన్‌ప్లాండ్ అతని ఛాతీని పరీక్షించాడు. పాలిచ్చిన ఆడవాళ్ల ఛాతీలా ముడతలు పడి ఉందని చెప్పాడు.

1871లో డార్విన్ కూడా తన కితాబులో ఈ మాట ఎత్తాడు. మగ జంతువులకు చనుమొనలు ఎందుకున్నాయి? ఎప్పుడో పాతకాలంలో మగవి కూడా పిల్లలకు పాలివ్వడంలో సాయం చేసి ఉంటాయేమో అని ఖయాల్ చేశాడు.

ఇప్పటి డాక్టర్లు చెప్పేది

తల్లి కడుపులో మొదటి వారాల్లో మగా ఆడా పిండం ఒకే తీరుగా ఉంటుంది. చనుమొనలు, పాలగ్రంథుల మొదలు అప్పుడే పడతాయి. అందుకే మగవాళ్లందరికీ అవి ఉన్నాయి. పాలు తయారు కావాలంటే మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ వదలాలి. మగవాడి ఒంట్లో కూడా ప్రొలాక్టిన్ ఉంటుంది, కానీ తక్కువ. పైగా గర్భం దాల్చినప్పుడు ఆడవాళ్ల ఛాతీలో గ్రంథులు పెరిగినట్టు మగవాళ్లలో పెరగవు. అంటే పాల కార్ఖానాకు జాగా ఉంది, గోడలు లేచాయి, మిషన్లు మాత్రం బిగించలేదు.

అయినా ఒక్కోసారి పాలు వస్తాయి. రెండో ప్రపంచ జంగ్ అయ్యాక ఖైదీ క్యాంపుల నుంచి విడుదలైన సిపాయిల్లో కొందరికి ఛాతీ పెరిగింది, కొందరికి పాలు కూడా కారాయి. ఏళ్ల తరబడి పస్తులుంటే కాలేయం, హార్మోన్ గ్రంథులు రెండూ మందగిస్తాయి. మళ్లీ కడుపునిండా తిండి దొరికినప్పుడు గ్రంథులు ముందు కోలుకుంటాయి. హార్మోన్లను అదుపు చేయాల్సిన కాలేయం వెనకపడుతుంది. ఆ తేడా వల్ల అలా జరిగింది.

పిట్యూటరీ మీద చిన్న గడ్డ లేస్తే రావచ్చు. వాంతులకు, మనోవ్యాధులకు వాడే కొన్ని మందుల వల్ల కూడా రావచ్చు. కాబట్టి ఎవరికైనా మగవాడికి ఛాతీ నుంచి పాలలాంటివి కారితే, దాన్ని కరామత్ అనుకోకుండా, సిగ్గుపడకుండా డాక్టర్‌కు చూపించాలి. తలనొప్పి, చూపు మసకబారడం తోడైతే అసలు ఆలస్యం చేయొద్దు.

ఇంకొకటి మన ఇళ్లలో అందరూ చూసే ఉంటారు. పుట్టిన కొన్ని రోజులకు పసిపిల్లల ఛాతీ ఉబ్బి చుక్కలు చుక్కలుగా పాలు వస్తాయి. మగపిల్లలకూ వస్తాయి. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల అసర్ అది. కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. పాతకాలం దాయీలు నూనె రుద్ది పిండేసేవాళ్లు. అలా పిండితే చీము పడుతుంది. ముట్టుకోకుండా వదిలేయాలి.

జంతువుల్లో కూడా ఒక మిసాల్ ఉంది. మలేసియాలో పట్టుకున్న డయాక్ జాతి పండ్ల గబ్బిలాల్లో మగవాటి చనుల్లో పాలు కనిపించాయి. 2002లో శ్రీలంకలో బీవీ చనిపోయిన ఒక తండ్రి తన పాలతో ఇద్దరు ఆడపిల్లలను సాకాడని అఖ్బారుల్లో వచ్చింది. 2018లో అమెరికా డాక్టర్లు ఒక ట్రాన్స్ మహిళ గురించి రాశారు. నెలల తరబడి హార్మోన్లు, మందులు వాడి, పంపుతో ఛాతీని ప్రేరేపించాక ఆమెకు రోజుకు పావు లీటరు కన్నా కొంచెం తక్కువ పాలు వచ్చాయి. ఆరు వారాల పాటు బిడ్డకు ఆ పాలే ఆహారం.

ఇక హిసాబ్ చేద్దాం. మూడు కిలోల బిడ్డకు మొదటి వారం దాటాక రోజుకు సుమారు 450 మిల్లీలీటర్ల పాలు కావాలి. హార్మోన్ల మద్దతుతో, పంపుతో, డాక్టర్ల నిగ్రానీలో అంత కష్టపడితే దానిలో సగం. మందులు, పంపులు లేని కాలంలో, నవాబుపేటలో, ఒక మామూలు మగవాడి ఛాతీ నుంచి చుక్కలు రావడం ముమ్కిన్. ఆ చుక్కలతో ఒక పసివాడు నెలల తరబడి బతకడం మాత్రం ముమ్కిన్ కాదు.

తెల్లవారేసరికి నాకు జవాబు దొరికింది. దానితోపాటు ఇంకో సవాల్ లేచింది. మరి మా బడే దాదా ఎలా బతికాడు?

ఫిఖ్ కితాబుల్లో మగవాడి పాలు

పొద్దున్నే మా మౌలానా సాబ్‌కు ఫోన్ చేశాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "ఈ మస్‌అలా కితాబుల్లో ఉంది మియా" అన్నారు. 12వ శతాబ్దపు హిదాయాలో ఉంది. మగవాడికి పాలు దిగి బిడ్డకు తాగిస్తే దానివల్ల హుర్మత్ రాదు, ఎందుకంటే అది హకీకత్‌లో పాలు కాదు, బిడ్డను కనగలిగిన మనిషి పాలే పాలు అని దాని దలీల్. దాదాపు ఉలమాలందరూ అదే మాట. బగ్దాద్‌లో ఇమామ్ షాఫయీ షాగిర్ద్ కరాబీసీ ఒక్కడు మాత్రం, వస్తుంది అన్నాడు. అంటే వెయ్యేళ్ల కిందటే మన బుజుర్గులు ఇది జరగొచ్చని ఒప్పుకుని, జరిగితే ఏం చేయాలో కూడా ఆలోచించి పెట్టారు. ఇది గందా మాట, మాట్లాడకూడదు అని తోసెయ్యలేదు.

కానీ మౌలానా సాబ్ అసలు మాట దాని తర్వాత చెప్పారు. ఫిఖ్‌లో "లబనుల్ ఫహల్" అని ఒక బాబ్ ఉంది. ఆ మాటకు అర్థమే మగవాడి పాలు. హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా ఇంటికి అఫ్లహ్ అనే ఆయన వచ్చి లోపలికి రావడానికి ఇజాజత్ అడిగారు. ఆయన, ఆమెకు చిన్నప్పుడు పాలిచ్చిన తల్లి మియాకు తమ్ముడు. ఆమె వద్దన్నారు. నాకు పాలిచ్చింది ఆడమనిషి కదా, మగవాడు ఇవ్వలేదు కదా అన్నది ఆమె సందేహం. రసూలుల్లా సల్లల్లాహు అలైహి వసల్లమ్ ఆయన నీ చచ్చా, రానివ్వు అన్నారు. పాలు తల్లి ఒంట్లోంచి వచ్చినా దానిలో ఆమె మియాకు కూడా హిస్సా ఉంది. అందుకే అతను పాలతండ్రి, అతని తమ్ముడు పాల చచ్చా.

మొఘల్ దర్బారులో ఈ పాలతండ్రికి బిరుదే ఉండేది, అత్కా అని. పాలిచ్చిన తల్లి అంగా, ఆమె కొడుకు కోకా. అక్బర్‌కు పాలిచ్చిన జీజీ అంగా మియా షంసుద్దీన్, అత్కా ఖాన్ అయ్యాడు. 1562లో మాహమ్ అంగా కొడుకు ఆధమ్ ఖాన్ ఆయన్ని దర్బారులోనే చంపితే, అక్బర్ ఆధమ్ ఖాన్‌ను చబూత్రా మీదినుంచి కిందికి తోయించాడు. ఒకసారికి ప్రాణం పోకపోతే మళ్లీ పైకి తెచ్చి తోయించాడు. జీజీ అంగా కొడుకు మీర్జా అజీజ్ కోకా ఎన్ని గుస్తాఖీలు చేసినా మాత్రం సహించాడు. మా ఇద్దరి నడుమ పాల నది పారుతోంది, దాన్ని దాటలేను అనేవాడని తారీఖ్‌లో చెప్తారు.

అంటే మన తారీఖ్‌లో పాలు వట్టి ఆహారం కాదు, రిష్తా. ఖుర్‌ఆన్‌లో సూరె నిసా 23వ ఆయత్‌లో నికాహ్ హరామైన రిష్తాల జాబితాలో కన్నతల్లి, చెల్లెళ్లతో పాటు పాలతల్లి, పాల చెల్లెళ్లు కూడా ఉన్నారు. సూరె బఖరా 233వ ఆయత్‌లో వేరే ఆమె చేత పాలిప్పిస్తే ఆమె ఉజ్రత్ సరిగ్గా ఇచ్చెయ్యాలని ఉంది. రిష్తా ఉంది, హక్ కూడా ఉంది.

ఫుప్పీ విప్పిన మూట

మధ్యాహ్నం ఫుప్పీ పక్కన కూర్చుని అడిగాను. "ఫుప్పీజాన్, బడే దాదా నిజంగా పర్దాదా పాలతోనే బతికాడా? డాక్టర్లు అంత పాలు రావంటున్నారు." ఆమె చాలాసేపు తస్బీహ్ తిప్పుతూ కూర్చుంది. తర్వాత తన దాదీ, అంటే పర్దాదా రెండో బీవీ, తనకొక్కదానికే చెప్పిన మాట చెప్పింది.

1918. జంగ్ నుంచి తిరిగొచ్చే సిపాయిల ఓడలతో బొంబాయిలో దిగిన ఇన్‌ఫ్లుయెంజా, రైలు పట్టాల వెంట దేశమంతా పాకింది. మన వికారాబాద్, తాండూరు స్టేషన్లు బొంబాయి దారి మీదివే. ఆ ఏడు వానలు కూడా మొహం చాటేశాయి. దేశం మొత్తం మీద కోటికి పైగా జనం పోయారు. ఇరవై నుంచి నలభై ఏళ్ల జవాన్ ప్రాణాలనే ఆ జ్వరం ఎక్కువగా పట్టింది. బాలింతలను అసలు వదల్లేదు. మా పర్దాదా మొదటి బీవీ బిడ్డను కన్న ఇరవై రోజులకే పోయింది.

ఇంట్లో పాలిచ్చే ఆడమనిషి లేదు. పర్దాదా రాత్రంతా బిడ్డను కుర్తా లోపల ఛాతీకి అదుముకుని తిరిగేవాడు. బిడ్డ చప్పరించి చప్పరించి నిద్రపోయేవాడు. ఇంతవరకు కిస్సా నిజమే. కానీ తెల్లవారుజామున, ఫజర్‌కు ముందు, పెరటి తలుపు దగ్గరికి గొల్లవాడ నుంచి ఒక ఆమె వచ్చేది. తనకూ చంటిబిడ్డ ఉంది. ఈ బిడ్డకు పాలిచ్చి వెలుగు రాకముందే పోయేది. మళ్లీ మగ్రిబ్ అయ్యాక వచ్చేది. ఏడాదిన్నర అలా వచ్చింది.

"మరి ఈ కిస్సా ఎందుకు పుట్టింది?" అన్నాను.

"షరమ్" అంది ఫుప్పీ. మనది సయ్యద్ ఖాందాన్ అని చెప్పుకునేవాళ్లం. గొల్లామె పాలు తాగాడంటే రేపు పిల్లనెవరిస్తారని పర్దాదా అన్నలు భయపడ్డారు. ఆమె ఇంట్లో కూడా, తురకోళ్ల బిడ్డకు పాలిస్తోందంటే కులంలో మాట వస్తుంది. రెండు వైపులా నోరు మూసుకున్నారు. బిడ్డ ఎలా బతికాడని ఊరు అడిగితే, తండ్రి ఛాతీ చూపించారు. ఊరు సుబ్హానల్లా అంది. కరామత్ నిలిచిపోయింది. ఆమె పోయింది.

"ఆమె పేరేంటి?"

ఫుప్పీ తల అడ్డంగా ఊపింది. దాదీ కూడా "గొల్లామె" అనే అనేదట.

నాకు ఆ వరండాలో చల్లచెమట పట్టింది. తల్మూద్‌లో గరీబుకు దాయీని పెట్టుకునే పైసా లేదు కాబట్టి కరామత్ జరిగింది. మా ఇంట్లో దాయీ ఉంది, పాలూ ఇచ్చింది. ఆమెను ఒప్పుకునే దిల్ లేదు కాబట్టి కరామత్ పుట్టించారు. ఉర్దూలో "దూధ్ కా దూధ్, పానీ కా పానీ" అంటాం, నిజం అబద్ధం వేరు కావడాన్ని. మా ఇంట్లో అవి వేరు కావడానికి నూరేళ్లు పట్టింది. నసబ్ గురించి, హుర్మత్ గురించి అంత ఎహతియాత్ పాటించే మేము, ఖుర్‌ఆన్ తల్లి అని పిలిచిన మనిషి పేరు కూడా దాచుకోలేదు. ఆమె పిల్లలు బడే దాదాకు దూధ్ షరీక్ తోబుట్టువులు. అదే ఊళ్లో వాళ్లు గొర్రెలు కాసుకున్నారు, వీళ్లు అరుగు మీద కూర్చున్నారు. ఒక ఈద్‌కు సేమ్యాల గిన్నె అయినా వాళ్లింటికి పోయిందా అని అడిగితే ఫుప్పీ కళ్లు తుడుచుకుంది.

కలం ఎవరు పట్టుకున్నారు

మిల్క్ బ్యాంకు గురించి కూడా మౌలానా సాబ్ రెండు వైపులా చెప్పారు. 1985లో జిద్దాలో ముస్లిం దేశాల ఫిఖ్ అకాడమీ, పాలు కలగాపులగమై రిష్తాలు గడబిడ అవుతాయని మిల్క్ బ్యాంకులు వద్దంది. అంతకు రెండేళ్ల ముందు యూసుఫ్ ఖర్జావీ, రొమ్ము నుంచి నేరుగా తాగితేనే రిజాఅత్, షక్ మీద హుర్మత్ నిలబడదు, ప్రాణం కాపాడటం ముఖ్యం అని జాయిజ్ అన్నారు. ఈ బహస్ ఇంకా నడుస్తూనే ఉంది. 2024లో కరాచీలో పెట్టబోయిన మిల్క్ బ్యాంకు కూడా ఫత్వా వెనక్కి తీసుకోవడంతో ఆగింది. "జాన్ ఖతరాలో ఉంటే డాక్టర్ మాట వినండి" అని ముగించారు ఆయన.

నేను ఆ మాట మోసుకుని పోయేసరికి భాంజీ మంచం మీదే సంతకం పెట్టేసింది. మమ్మల్ని ఎవరినీ అడగలేదు. "మామూ, మీరు ఎప్పుడో జరిగే నికాహ్ గురించి ఆలోచిస్తున్నారు. నేను ఈ పూట గురించి ఆలోచిస్తున్నాను" అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పటికి ఒక రోజంతా పోయింది. నా "ఆగుదాం" వల్ల పోయిన రోజు అది.

బిడ్డకు నాలుగు రోజులు బ్యాంకు పాలు గొట్టం ద్వారా ఇచ్చారు. అయిదో రోజుకు తల్లికి పాలు పడ్డాయి. మిల్క్ బ్యాంకులో ఇచ్చే తల్లులకు ముందు రక్తపరీక్షలు చేస్తారు. పాలను 62.5 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేసి క్రిములను చంపుతారు. మన దేశంలో ఇలాంటిది మొదట 1989లో ముంబై సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ పెట్టారు. మన హైదరాబాద్‌లో 2017 నుంచి నీలోఫర్‌లో ధాత్రి మిల్క్ బ్యాంకు ఉంది. ఆ దవాఖానా పేరు వెనక కూడా ఒక పోయిన బాలింత ఉందని మీకు తెలిసే ఉంటుంది. ఉస్మానీ ఖాందాన్ షెహజాదీ, నిజాం చిన్న కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసే రఫత్ ప్రసవంలో చనిపోతే, ఆ గమ్ నుంచే ఆ దవాఖానా లేచింది.

ఇంకో సంగతి. ఫుప్పీ మాట విని మేం నవ్వాం కదా, నర్సమ్మ నవ్వలేదు. మూడో రోజు ఆమె వచ్చి తండ్రిని పిలవమంది. చొక్కా విప్పించి, బిడ్డను అతని ఛాతీ మీద పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పింది. దీన్ని కంగారూ పద్ధతి అంటారు. గాజు పెట్టెలు సరిపోని కాలంలో, 1970ల చివర్లో, కొలంబియాలోని బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టాడు. ఒంటి వేడికి బిడ్డ శ్వాస, గుండె చప్పుడు కుదుటపడతాయి. తల్లే చేయాలని లేదు, తండ్రి ఛాతీ కూడా పనిచేస్తుంది. మధ్య ఆఫ్రికాలో అకా అనే అడవి జాతి తండ్రులు రోజులో దాదాపు సగం సేపు బిడ్డకు చేయందేంత దగ్గరలో ఉంటారు. తల్లి లేని వేళ ఊరుకోబెట్టడానికి తమ చనుమొన కూడా ఇస్తారు. పాలు ఉండవు, బిడ్డకు తసల్లీ ఉంటుంది.

అంటే మా పర్దాదా రాత్రిళ్లు చేసింది వృథా కాదు. ఆయన వేడి ఇచ్చాడు, ఆమె పాలు ఇచ్చింది. బిడ్డ ఇద్దరి వల్ల బతికాడు. ఖాందాన్ ఒక్కరినే గుర్తుపెట్టుకుంది.

మా ఇంట్లో పాత షజ్రా ఒకటి ఉంది, ఉర్దూలో, పసుపు పట్టిన కాగితం మీద. కిందటి రంజాన్‌లో నేను దాన్ని కొత్తగా రాయించాను. బడే దాదా పేరు పక్కన వాలిదా అని కన్నతల్లి పేరు ఉంది. దాని కింద ఒక వరస చేర్చాను: రిజాయీ వాలిదా, నవాబుపేట గొల్లవాడ ఆమె. ఒకరిద్దరు చచ్చాలు ఏతరాజ్ చేశారు. ఫుప్పీ మాత్రం "అచ్చా కరే బేటా" అంది.

ఇప్పుడు ఊరికి పోయినప్పుడు గొల్లవాడలో ముసలివాళ్ల దగ్గర కూర్చుంటున్నాను. ఈద్‌కు రెండు గిన్నెల షీర్ ఖుర్మా కూడా తీసుకుపోయాను. ఎందుకని అడిగారు. మీ వాడలో మాకొక పాలతల్లి ఉండేది అని చెప్పాను. ఒక పెద్దామె గిన్నె అందుకుంటూ, "అయితే మా ఇంటోళ్లే" అంది.

భాంజీ కూతురికి ఇప్పుడు మూడేళ్లు. నలుగురైదుగురు పేరు తెలియని తల్లుల పాలు తాగి బతికింది. వాళ్లలో ఎవరు ఏ మజ్హబో, ఏ కులమో రాసి లేదు. ఆ అమ్మాయికి ఊహ వచ్చాక ఈ కిస్సా నేనే చెప్తాను, కరామత్ కలపకుండా. మీ ఇళ్లలో కూడా ఇలాంటి కిస్సాలు ఉంటే, బుజుర్గులు ఉండగానే అడిగి పెట్టుకోండి. వాళ్లతో పేర్లు కూడా పోతాయి.

ఖుదా హాఫిజ్.